మూడు వందల పది

మా సీమ నీళ్ల గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. పేరు శివలీల. కర్నూలులో ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా కెమిస్టుని. ఆదోని బోరు, ఆలూరు బోరు, పత్తికొండ బావి, ఏ సీసా మూత తీసినా లోపల సగం నీళ్లు, సగం సున్నం. మా ఇళ్లలో గీజరు రెండేళ్లు పనిచేస్తే గొప్ప. స్టీలు బిందె కడిగి బోర్లిస్తే ఆరేసరికి తెల్లటి చారలు. సబ్బు రుద్దీ రుద్దీ చేతులు నొప్పెడతాయి గానీ నురగ రాదు. ఈ నీళ్లను తిట్టని రోజు లేదు. అయినా లోపల ఒక ధీమా ఉండేది, ఇవి నాకు తెలిసిన నీళ్లు, నన్ను మోసం చేయవు అని.

ఆ ధీమా నా చేత ఒక అంకె రాయించింది. మూడు వందల పది. దాని వల్ల ఒక చెరువులో చేపలన్నీ చచ్చిపోయాయి. ఆ నింద ఇంకొకరు మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. మొదటిది బద్ధకం, రెండోది పిరికితనం. నాకు నోటి దురుసు ఎక్కువని ఆఫీసులో అందరూ అంటారు. ఎవరి తప్పు కనబడినా మొహం మీదే అనేస్తాను. నా తప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ నోరు ఏమైపోయిందో తెలియదు.

పత్తికొండ దారిలో బొమ్మిరెడ్డి చెరువు ఉంది. దాన్ని ఆనుకుని చిన్న ఊరు. ఐదారేళ్లుగా ఆ చెరువు ఎండాకాలం వచ్చిందంటే పచ్చ పెయింటు ఒలకబోసినట్టు ఉండేది. కట్ట మీద నిలబడితే కంపు. ఊరి మురుగంతా అందులోకే వచ్చేది. చేలల్లో వేసిన ఎరువు వానకు కొట్టుకొచ్చేది. టమేటా ధర పడిపోయిన ఏడు బండ్లకు బండ్లు తెచ్చి వాగులో కుమ్మరించేవాళ్లు, అదీ చెరువులోకే. రెండేళ్ల కిందట మురుగు కాలువను పక్కకు మళ్లించారు. అయినా పచ్చదనం పోలేదు. ఎందుకు పోలేదో చెప్పమని నన్ను పిలిపించారు.

అడుగు బురద తీసి పరీక్ష చేస్తే తెలిసింది. ఇన్నేళ్లు వచ్చిన భాస్వరమంతా ఆ బురదలో దాక్కుని ఉంది. ఎండలకు అడుగున గాలి ఆడక, బురద ఆ భాస్వరాన్ని మెల్లగా నీళ్లలోకి వదులుతుంది. దాన్ని తిని నాచు పెరుగుతుంది. కొత్త మురుగు ఆపినా పాత మురుగు చాలు ఇంకో ఇరవై ఏళ్లకు. అంత బురద తవ్వి పోయడానికి చోటు లేదు. పటిక నీళ్లు చల్లితే అది తెల్లటి తరకలా కట్టి అడుక్కి దిగి, భాస్వరాన్ని పట్టి అక్కడే బంధించేస్తుంది. వేరే దేశాల్లో ఎప్పటి నుంచో చేస్తున్న పనే.

ఫిబ్రవరిలో ఈ సంగతి చెప్పడానికి, చెరువు పని చూసే ఇంజనీరు భూపేష్‌తో కలిసి ఆ ఊరికి వెళ్లాను. భూపేష్‌ది రాజంపేట. మాట మెత్తన, పని చురుకు. చెరువులో చేపలు పెంచేది అక్కడి బెస్త సంఘం. ముప్పై రెండు కుటుంబాలు. వాళ్లు ఒప్పుకుని సంతకం పెడితే తప్ప పని మొదలుకాదు. సంఘం పెద్ద రామలింగప్ప. యాభై అయిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకునే మనిషి.

"మందు కొడతామంటాండారు. మా చేప గతేం కావల్ల?" అని దేవేంద్రప్ప అనే సభ్యుడు లేచాడు.

"మందు కాదు, పటిక" అన్నాను. "మీ అవ్వ వాన నీళ్ల కుండలో పటిక బిళ్ల తిప్పుతుండ్ల్యా? ఎర్రమన్నంతా కిందికి దిగి నీళ్లు తేటయ్యేటివి. అదే పని. కుండ పెద్దది, అంతే."

ఆడవాళ్లు నవ్వారు. రామలింగప్ప నవ్వలేదు. గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, నాకు తిరకాసు మాటలు తెలీవు. చేపకు ఏమన్నా అవుతాదా? ఉండేది ఉన్నట్టు చెప్పండి."

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఇలా చెప్పాలి. పటిక నీళ్లకు పులుపు తెస్తుంది. ఆ పులుపును నీళ్లలోని సున్నం విరిచేయాలి. సున్నం తక్కువుంటే నీళ్లు పులిసి, పటిక చేప మొప్పలకు పట్టి ఊపిరాడకుండా చేస్తుంది. అందుకే చల్లే వారంలోనే ఆ సున్నం సత్తువ కొలవాలి. దాన్నే మేము క్షారత అంటాం. తక్కువుంటే పటికతో పాటు సోడా కలపాలి. ఇదంతా చెప్పకుండా నేను చెప్పింది ఒక్కటే మాట.

"ఒక్క చేప తేలినా నన్ను అడుగు, అన్నా. నాది పూచీ."

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత సంఘం వైపు తిరిగి, "మేడమ్ మాట ఇచ్చింది. నేను చేవ్రాలు పెడతాండా. మాట పడాల్సొస్తే నేను పడతా" అన్నాడు. దేవేంద్రప్ప గొణుగుతూనే ఉన్నాడు. అతను సంతకం పెట్టేశాడు.

ఏప్రిల్‌లో నీళ్లు పరీక్షించాను. క్షారత మూడు వందల పద్దెనిమిది. మా సీమ నీళ్లు మరి. దాని మీద ఎంత పటికైనా చల్లవచ్చు. ఆరు బీకర్లలో చెరువు నీళ్లు పోసి, ఆరు మోతాదుల్లో పటిక కలిపి చూసి, ఏది సరిపోతుందో రాసిచ్చాను. జూన్‌లో చల్లాల్సింది. టెండర్లు, సంతకాలు, అటు తిరిగి ఇటు తిరిగి ఆగస్టు దాటిపోయింది.

సెప్టెంబరులో వాన పడింది. మామూలు వాన కాదు. నాలుగు రోజులు ఎడతెరిపి లేదు. బొమ్మిరెడ్డి చెరువు నిండి మరవ పారింది. మరవ అంటే నిండిన చెరువు పొంగి బయటికి పోయే కట్టడం. అది పారి పదకొండేళ్లయిందట. ఊరంతా పొయ్యి ఆర్పి వచ్చి మరవ దగ్గర నిలబడింది. భూపేష్ నాకు వీడియో పంపాడు. అందులో రామలింగప్ప పంచె ఎగ్గట్టి మరవ నీళ్లలో నిలబడి పిల్లలతో సమానంగా గంతులేస్తున్నాడు.

నీళ్లు మూడింతలయ్యాయి కాబట్టి పటిక కూడా పెంచి లెక్క కట్టాను. ఆ లెక్క సరైనదే. చల్లే వారంలో నీళ్లు మళ్లీ పరీక్షించాలన్నది నేను రాసిన నియమమే. రామలింగప్ప పుట్టిలో చెరువు నడిమధ్యకు వెళ్లి, నేను నేర్పినట్టు సీసాను మూడుసార్లు అదే నీళ్లతో కడిగి, నాలుగోసారి నింపి, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. గురువారం సాయంత్రం అందింది. మూతకు తడిగుడ్డ చుట్టి, దారం కట్టి ఉంది. ఫ్రిజ్‌లో పెట్టాను.

శుక్రవారం భూపేష్ ఫోను. "మేడమ్, రిపోర్టు పంపిచ్చండి. సోమవారం డ్రమ్ములు వచ్చాండాయి."

నాకు పెద్ద కారణం కూడా లేదు. అమ్మకు జబ్బు చేసిందనో, కరెంటు పోయిందనో చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది! అది పది నిమిషాల పని. గాజు గొట్టం కడగాలి, ద్రావణం పోయాలి, చుక్క చుక్కా వదులుతూ రంగు మారేదాకా చూడాలి. ఆ రోజు నలభై సీసాలు చేసి ఉన్నాను. నడుము లాగుతోంది. ఇరవై రెండేళ్లలో ఈ జిల్లా నీళ్లలో రెండు వందల కంటే తక్కువ అంకె నేను చూడలేదు. ఈ చెరువులో మాత్రం ఎందుకుంటుంది అనుకున్నాను. పాత రిపోర్టు తీసి మూడు వందల పద్దెనిమిదిని మూడు వందల పది చేశాను. అదే అంకె వేస్తే చూడలేదని తెలిసిపోతుందని ఎనిమిది తగ్గించాను. అబద్ధాన్ని అంత ఒద్దికగా చేశాను. సంతకం పెట్టి ఫోటో తీసి పంపించాను.

సోమవారం చెరువుకు వెళ్లాను. రెండు పడవలు పక్కపక్కన కట్టి, మీద పలకలు పరిచి, డ్రమ్ములు ఎక్కించారు. చిల్లుల గొట్టం లోంచి పటిక నీళ్లు పడుతుంటే వెనకాల నీళ్లలో తెల్లటి తరక విరిగిన పాలలా విచ్చుకుంటోంది. రోజుకు చెరువులో మూడో వంతు చొప్పున మూడు రోజుల పని. పడవ నడిపేది రామలింగప్ప. చెరువు అడుగు లోతులు అతనికంటే ఎవరికీ తెలియవు.

నీళ్ల పులుపు చూసే మీటరు నా చేతిలో ఉంది. అంకె ఏడుకు పైనుంటే మంచిది, కిందికి దిగితే పులుపు. మా నీళ్లు ఎప్పుడూ ఎనిమిది మీదే. పొద్దున ఏడుకు కొంచెం పైన చూపించింది. వాన నీళ్లు కదా అనుకున్నాను.

మధ్యాహ్నం రామలింగప్ప ఇంట్లో భోజనం పెట్టారు. అతని భార్య ఉరుకుందమ్మ జొన్నరొట్టె, కందిపప్పు, ఉల్లికారం వడ్డించింది. పప్పు వెన్నలా ఉంది. బాగుందన్నాను.

"నా చేతి గొప్ప కాదు మేడమ్, నీళ్ల గొప్ప" అంది ఆమె. "ముందర సోడా ఏసినా గింజ గింజే ఉంటుండె. వాన పడినాక చెరువు నీళ్లు మోసుకొస్తాండా. ఒక్క ఉడుక్కే మెత్తగైతాండాది. శానా కట్టెలు మిగులుతాండాయి."

నా చెయ్యి కంచంలో ఆగింది. ఆగిన సంగతి బాగా గుర్తుంది. సున్నం ఉన్న నీళ్లలో పప్పు ఉడకదని మా సీమలో చదువు రాని ఆడదానికి కూడా తెలుసు. పప్పు ఉడికిందంటే నీళ్లలో సున్నం లేదని అర్థం. నేను ఇంత చదివి, ఇన్నేళ్లు సీసాలు కడిగి, ఆ మాట అర్థం కాలేదంటే ఎవరూ నమ్మరు. అర్థమైంది. కానీ దాని వెంట పోతే సీసా తెరవాలి, రిపోర్టు తప్పని ఒప్పుకోవాలి, పడవ ఆపాలి. ఇంకో రొట్టె వేయించుకున్నాను.

సాయంత్రం మీటరు ఆరున్నరకు దిగింది. పాడైందనుకుని తుడిచి సంచీలో పెట్టుకున్నాను. మీటరును అనుమానించాను గానీ నన్ను అనుమానించుకోలేదు. రాత్రికి కర్నూలు చేరాను.

మంగళవారం పదిన్నరకు భూపేష్ ఫోను చేశాడు. గొంతులో మెత్తదనం లేదు. "మేడమ్, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచ్చాండాయి."

నేను వెళ్లేసరికి ఒంటిగంట. కట్ట పొడవునా తెల్లటి పొట్టలు. మూర మూర బొచ్చె చేపలు, రవ్వలు. ఎనిమిది నెలలు పెంచిన చేప. ఇంకో నెలలో పట్టాల్సినది. కొన్నింటికి ఇంకా ప్రాణం ఉంది, నీళ్ల అంచున నోరు మూసి తెరుస్తున్నాయి. ఊరంతా కట్ట మీదే ఉంది. రామలింగప్ప నడుము లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్క చేపనూ రెండు చేతులతో ఎత్తి గంపలో పెడుతున్నాడు. నన్ను చూసి గట్టుకు వచ్చాడు.

"నా చేతిలోనే జరిగింది మేడమ్" అన్నాడు. "పొద్దున్నే గాలి కొట్టె. పడవ ఒరిగి ఒక డ్రమ్ము మొత్తం వాగు మూలన ఒలికిపాయ. పట్టుకోలేకపోతి. దానికే ఇదంతా అయ్యుండాది."

ఒక్క డ్రమ్ము ఒలికితే ఆ మూలలో పది చేపలు చస్తాయేమో. చెరువంతా చావదు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. భూపేష్ పక్కనే ఉన్నాడు. "అట్లనా? డ్రమ్ము ఒలకబోసినావా?" అని అతను నోటుబుక్కు తీశాడు. నేను చెరువు వైపు చూస్తూ నిలబడ్డాను.

బుధవారం పొద్దున అందరికంటే ముందు ల్యాబ్‌కు వెళ్లాను. తలుపు గడియ పెట్టి ఫ్రిజ్‌లోంచి ఆ సీసా తీశాను. దారం ముడి విప్పడానికే చాలాసేపు పట్టింది, అంత గట్టిగా కట్టాడు. బీకరులో నీళ్లు పోసి రంగు చుక్కలు వేశాను. మా నీళ్లకైతే గొట్టంలో ద్రావణం చాలా దూరం దిగాలి. ఆ రోజు నేను సరిగ్గా కూర్చునే లోపే పసుపు రంగు నారింజకు తిరిగింది. నలభై నాలుగు. మళ్లీ చేశాను, నలభై నాలుగు. మూడోసారి నలభై అయిదు.

సోడా కలిపి ఉంటే ఒక్క చేప తేలేది కాదు.

అప్పుడు నేను చేసింది చెబుతాను. సీసాలో మిగిలిన నీళ్లు సింకులో పారబోశాను. సబ్బు పెట్టి కడిగాను. మిగతా సీసాల మధ్య బోర్లించాను. గడియ తీసి, ఎవరైనా వస్తే టీ తెప్పించుకుందామని కూర్చున్నాను.

భూపేష్ రిపోర్టు రెండు రోజుల్లో వచ్చింది. పడవ నడిపిన వ్యక్తి అజాగ్రత్త వల్ల మోతాదు ఒకేచోట పడి చేపలు చనిపోయాయని అందులో ఉంది. కింద సాంకేతిక సలహాదారుగా నా సంతకం కావాలి. పెట్టాను. మిగిలిన మూడో వంతు చెరువుకు సోడా కూడా కలపమని సలహా ఇచ్చాను. ముందుజాగ్రత్తగా అని రాశాను. సంఘం ఆ రిపోర్టు చదివి రామలింగప్పను పెద్దరికం నుంచి తీసేసింది. దేవేంద్రప్పను పెట్టుకుంది.

శనివారం రామలింగప్ప కర్నూలు వచ్చాడు. ల్యాబ్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. రమ్మన్నాను. కుర్చీ చూపించాను, కూర్చోలేదు.

"మేడమ్, ఒక్క చేప తేలినా నన్ను అడుగు అంటిరి. అంత ధైర్యంగా మీరు మాటిస్తే నేను దాన్ని నీళ్లలో కలిపినా. నా వల్ల మీకు మాటొచ్చింది. మా వాళ్లు నన్నేమన్నా పడతా. మీరు మాత్రం నన్ను..." ఆ మాట పూర్తి కాలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే పక్క గదిలోంచి తొంగి చూస్తున్నారు.

నేను లేచి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాను. "పోనీలే అన్నా. కావాలని చేసినావా? నా మనసులో ఏం ల్యా" అన్నాను.

నేను క్షమించాను! అతన్ని! టీ తెప్పించి ఇచ్చాను. అతను ఊది ఊది తాగి, కళ్లు తుడుచుకుని, "మీ మనసు శానా పెద్దది మేడమ్" అన్నాడు. వచ్చినప్పుడు వంగిన మనిషి పోయేటప్పుడు కొంచెం నిటారుగా వెళ్లాడు. కిటికీ లోంచి చూస్తూ ఉన్నాను. ఆ తర్వాత చాలా రోజులు అద్దంలో నా మొహం చూసుకోవాలంటే మొహం చెల్లేది కాదు.

విచిత్రం ఏమిటంటే చెరువు బాగుపడింది. డిసెంబరు వచ్చేసరికి నీళ్లు తేటగా ఉన్నాయి. రేవులో నీళ్ల కింద నాలుగో మెట్టు కూడా కనబడుతోందని భూపేష్ ఫోటో పంపాడు. బురదలోంచి భాస్వరం రావడం ఆగిపోయింది. పత్రికల వాళ్లు వచ్చారు. ఇతర జిల్లాల నుంచి ఇంజనీర్లు చూసి వెళ్లారు. నన్ను మెచ్చుకుంటూ ఫోన్లు వచ్చేవి. ప్రతి ఫోనుకూ కృతజ్ఞతలు చెప్పి, పెట్టేశాక కాసేపు పని చేయలేకపోయేదాన్ని.

ఫిబ్రవరిలో చెరువు కట్ట మీద సభ పెట్టి నాకు సన్మానం అన్నారు. భూపేష్ కారులో తీసుకెళ్తున్నాడు. దారిలో తనంతట తానే చెప్పాడు.

"రామలింగప్ప ఈ ఆదివారం పోతాండాడు మేడమ్. మంగంపేటలో ముగ్గురాళ్ల గనిలో పని నేనే ఇప్పిచ్చినా. చెరువులో కాలు పెట్టనని ఒట్టేసుకున్నాడంట. వల అమ్మేసినాడు. ఈడుంటే ఎవరూ పలకరు, ఆడైనా బతుకుతాడులే అని."

యాభై అయిదేళ్ల మనిషి, పుట్టినప్పటి నుంచి నీళ్ల మీద బతికినవాడు, రాళ్ల దుమ్ములోకి వెళ్తున్నాడు. నేను రాసిన అంకె వల్ల. భూపేష్ తన మంచితనానికి తానే మురిసిపోతున్నాడు. కారు ఆపమన్నాను. దిగి కాసేపు నిలబడి మళ్లీ ఎక్కాను. ఈ రోజు చెప్పేయాలి అని అప్పుడే అనుకున్నాను.

సభలో మైకు ఇచ్చారు. కాగితం తీయలేదు. "చేపలు చచ్చింది రామలింగప్పన్న వల్ల కాదు" అన్నాను. "నా వల్ల. నేను నీళ్లు సరిగ్గా పరీక్ష చెయ్యలేదు. తప్పు నాది."

వెనక వరసలోంచి ఎవరో లేచారు. రామలింగప్పే. గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్ నా కోసం అబద్ధం చెప్తాండారు" అన్నాడు జనంతో. "డ్రమ్ము ఒలకబోసింది నేను, నా కండ్లతో చూసినా. నేను ఊరిడిసి పోతాండానని తెలిసి ఆయమ్మ నా పాపం తన మీద ఏసుకుంటాండాది. అట్లాంటి తల్లి యాడన్నా ఉంటాదా?"

చప్పట్లు మోగాయి. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. నేను కాదు కాదంటున్నాను. భూపేష్ నవ్వుతూ మైకు అందుకుని మేడమ్ గారి పెద్ద మనసు గురించి రెండు మాటలు చెప్పాడు. నా భుజాల మీద శాలువా కప్పారు. తప్పు ఒప్పుకుని అంత మర్యాద పొందిన మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరు. తల కొట్టేసినట్టయింది.

సభ ముగియగానే ఎవరికీ చెప్పకుండా రామలింగప్ప ఇంటికి నడిచాను. ఉరుకుందమ్మ గిన్నెలు పాత చీరలో మూట కడుతోంది. అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఇద్దరూ లేచారు.

"కూచోండి" అన్నాను. "నేను ఆడ చెప్పింది నిజం. ఒక్క డ్రమ్ముకు చెరువంతా చస్తాదా అన్నా?"

"మీరు చదువుకున్నోళ్లు. నన్ను ఊరడించనీకి ఎన్నన్నా చెప్తారు."

"నువ్వు వానలు పడినాక పంపిన సీసా గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? పుట్టి ఏసుకుని నడిమద్దెకు పోయి ముంచినా. మీరు చెప్పినట్టే మూడుసార్లు తొలిచినా."

"దాన్ని నేను తెరవలేదు. ఫ్రిజ్‌లో పెట్టి, పాత అంకె కొంచెం మార్చి రాసిచ్చినా. చేపలు చచ్చినాక తెరిచి చూస్తే ఆ నీళ్లలో సున్నమే ల్యా. వదిన పప్పు సంగతి చెప్పిన పొద్దే నాకు అనుమానం వచ్చింది. అయినా నోరు మూసుకున్నా."

అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అమ్మా, చాలు, నాకు అర్థమైంది, మీ మంచితనం అన్నట్టు. ఇంక చెప్పడానికి మిగిలింది ఒక్కటే. అది చెప్పకుండా గడిచిపోవాలనే ఇంతసేపూ మిగతావన్నీ చెప్పాను.

"తెరిచి చూసినాక మిగిలిన నీళ్లు పారబోసినా. ఎవరికీ తెలీకూడదని సీసాను సబ్బు పెట్టి కడిగి బోర్లించినా."

అతని తల ఆగింది. "కడిగినారా?" అన్నాడు.

"కడిగినా."

జాలిపడి అబద్ధమాడే వాళ్లెవరూ అలాంటిది కల్పించుకోరు. అతనికది అర్థమైందని మొహం చూస్తే తెలిసింది. చాలాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"అయితే నేను కాదు" అన్నాడు మెల్లగా.

"నువ్వు కాదన్నా. అంతా కాయితం మీద రాసి సంతకం పెట్టి రేపు పై ఆఫీసుకు ఇస్తాండా. ఒకటి మీ సంఘానికి కూడా."

ఉరుకుందమ్మ మూట పక్కనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నేను చెప్తానే ఉంటి, నీ చేతి మీద అట్లాంటిది జరగదని" అంది మొగుడితో. అతను వంగి ఆ మూట ముడి తానే విప్పాడు. గిన్నెలు ఒక్కొక్కటి తీసి గూట్లో పెట్టసాగాడు. నా గుండె మీద నుంచి బండ తీసినట్టయింది. ఇక్కడితో నా పాపం కడుక్కున్నానని కూడా అనుకున్నాను.

చివరి గిన్నె పెట్టి అతను ఇటు తిరిగాడు.

"సీసా కడిగింది ఏ వారం మేడమ్?"

"బుధవారం."

"నేను మీ ఆఫీసుకు వచ్చింది శనివారం."

అవునన్నాను.

"పోనీలే అని నా బుజం తట్టినారు" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆ పొద్దు ఇంటికొచ్చి ఈమెతో చెప్పినా, మేడమ్ నన్ను మన్నించిందే అని. చేపలు సచ్చినాక ఆ పొద్దు ఒక్కటే నేను కడుపునిండా తిన్నా."

ఉరుకుందమ్మ ఏడుపు ఆపి నా వైపు చూసింది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆ మాటను నేనే వాడి పాడుచేశానని గుర్తొచ్చి మూసుకున్నాను.

అతను గుమ్మం దాకా వచ్చాడు, మర్యాదగా, ఎప్పటిలాగే.

"పోయిరాండి మేడమ్" అన్నాడు. "నీళ్లు చూడాల్సొస్తే ఇంకెవర్నన్నా పంపిచ్చండి. మీరు మాత్రం మళ్ల ఈ చెరువు కాడికి రావాకండి."